ప్లేగు నాటి పిల్లుల అర్ర

నాకు పిల్లులంటే చిన్నప్పటి నుంచీ భయం. మా తల్లిగారింట్లో ఉయ్యాల్లో పడుకున్న తమ్ముడి మీదికి ఒకసారి గండుపిల్లి దూకింది. వాడికేమీ కాలేదు. కానీ ఆనాడు మా అమ్మ పెట్టిన కేక నా ఒంట్లో ఎక్కడో ఉండిపోయింది. ఆ తర్వాత గోడ మీద పిల్లి నడుస్తుంటే చాలు, లోపలికి పోయి తలుపు పెట్టుకునేదాన్ని. అట్లాంటి నన్ను గౌలిపురాలో, పది దాకా పిల్లులున్న ఇంటికి కోడలిగా పంపారు. సంబంధం మాట్లాడేటప్పుడు బర్రెల సంగతి చెప్పారు, ఇళ్ళకు పాలు పోసే వాడకాల సంగతి చెప్పారు. పిల్లుల ఊసు ఎవరూ ఎత్తలేదు.

కాపురానికి వచ్చిన మరునాడు పొద్దున్నే మా అత్తమ్మ నన్ను ఇంటి వెనక్కి తీసుకుపోయింది. ముందు ఇల్లు, తర్వాత వాకిలి, వాకిలి దాటితే బర్రెల కొట్టం, కొట్టానికి ఆనుకొని ఒక అర్ర. ఒకప్పుడు అందులో గడ్డి వేసేవారట. ఆమె తలుపు ముందర నిలబడి, "వస్తున్ననే, నేనే" అంది. ఎవరితో అంటున్నదో నాకు తెలియలేదు. తలుపు తీసింది. మసక వెలుతురులో ముఖాలన్నీ మా వైపు తిరిగాయి. చాలా ముఖాల్లో కళ్ళు లేవు. కళ్ళుండాల్సిన చోట కుట్టేసినట్టు తోలు మూసుకుపోయి ఉంది. ఒకదానికి మాత్రం పాలరంగు గుడ్లు బయటికి ఉబికి ఉన్నాయి. నేను వెనక్కి జరిగి కొట్టంలో ఉన్న బర్రెకు తగిలాను.

"భయమైతుందా?" అంది అత్తమ్మ.

తల ఊపాను.

"వాటికి నీకంటె ఎక్కువ భయమైతుంది. కొత్త కాళ్ళ చప్పుడు విన్నయ్ గద. ఏదన్న ఒక మాట మాట్లాడు. నీ గొంతు యాదికుంటది వాటికి."

"నాకు చాతకాదు అత్తమ్మా" అన్నాను. ఆ పిల్లులు నా నోట విన్న మొదటి మాట అదే.

మా మామగారు చనిపోయిన ఏడాదే ఆమె ఈ పని మొదలుపెట్టిందట. కళ్ళు అంటుకుపోయి చీము కారుతున్న పిల్లి కూన ఒకటి గడ్డిలో దొరికింది. కళ్ళు పోయాయి, కూన బతికింది. పాల వాడకం ఉన్న ఇల్లు కాబట్టి పిల్లికి ఇంత పాలు పోయడం కష్టం కాలేదు. ఆ తర్వాత సంగతి నలుగురి నోటా పడింది. జట్కా చక్రం కింద పడి నడుము విరిగిన పిల్లిని ఎవరో సంచిలో వేసి తెచ్చారు. పుట్టుకతోనే తల వణికే పిల్లిని, దానికి ఏదో పట్టిందని భయపడి లాల్‌దర్వాజా నుంచి ఒక కిరాణా వ్యాపారి ఇంటివాళ్ళు మా గడప ముందు వదిలిపోయారు. పరదాలో ఉండే ఒక బీబీ గారు తన గుడ్డి పిల్లిని బుట్టలో పెట్టి, పైన పట్టుగుడ్డ కప్పి పనిమనిషితో పంపింది. ఆ పనిమనిషి, "ఇస్కు ఆంఖా నై అమ్మా, బీబీ రోతే బైఠే హై" అని, అంటే దీనికి కళ్ళు లేవు, బీబీ ఏడుస్తూ కూర్చుందని చెప్పి, తానూ కళ్ళు తుడుచుకుంటూ పోయింది.

గుడ్డి పిల్లుల్ని సాకడంలో అత్తమ్మకు కొన్ని పట్టింపులుండేవి. అర్రలో ఏ వస్తువూ జరపకూడదు. నీళ్ళ గురిగి తలుపుకు ఎడమ పక్కన, పాల కంచుడు కుడి పక్కన, ఎప్పుడూ అక్కడే. గడప ముందు గోనెపట్టా పరిచి ఉండేది. పంజాకు గోనె తగిలితే ముందర గడప ఉందని వాటికి తెలిసేది. మాట్లాడకుండా ఏ పిల్లినీ ముట్టుకోకూడదు. నడుము విరిగిన దానికి వెనుక కాళ్ళు ఈడ్చుకోవడమే తప్ప ఒంటికి పోయే తెలివి లేదు. పూటపూటా దాని పొట్ట కింద వేళ్ళు పెట్టి మెల్లగా నొక్కి ఆ పని చేయించాలి. లేకుంటే లోపలే నిలిచి చచ్చిపోతుందనేది అత్తమ్మ. అవన్నీ నేను గుమ్మం బయట నిలబడి చూసేదాన్ని. నా పని బర్రెల దగ్గర. అత్తమ్మ నన్ను ఎప్పుడూ లోపలికి రమ్మని బలవంతం చేయలేదు.

మా బిడ్డ పుట్టి, నడక నేర్చిన ఏడాది చలికాలంలో మా గల్లీలో ఎలుకలు పడటం మొదలైంది.

ఎలుక పట్టపగలు వాకిట్లోకి వచ్చి, మనిషిని చూసి కూడా పారిపోకుండా తూలుతూ గుండ్రంగా తిరిగి పడిపోయేది. మొదట రెండిళ్ళ అవతల పడింది. తర్వాత మా ఎదురింటి దూలం మీద నుంచి అన్నం తింటున్న వాళ్ళ నడుమ పడింది. ఆ ఇంట్లో వాళ్ళు విస్తళ్ళు అట్లాగే వదిలి బయటికి వచ్చేశారు. ఎవరూ పెద్దగా అరవలేదు. గల్లీ అంతా ఉన్నట్టుండి గొంతు తగ్గించి మాట్లాడసాగింది. అరుపుల కంటే దానికే నాకు ఎక్కువ భయమేసింది.

అప్పట్లో ప్లేగు వస్తే ఇల్లు వదిలి ఊరి బయట గుడిసెలు వేసుకోవడమే దారి. ఇప్పుడు ఫ్యాక్టరీలున్న కంచన్‌బాగ్ వైపు ఆ రోజుల్లో బీళ్ళు, రాళ్ళ గుట్టలు, అక్కడక్కడ తోటలు. మా పాలోళ్ళందరూ బర్రెలను తోలుకొని అటు బయలుదేరారు. నా పెనిమిటి బండిలో బియ్యం, గిన్నెలు, బొంతలు వేశాడు. మా వదిన, అంటే ఆయన అక్క, మా బిడ్డను చంకన వేసుకుంది. అత్తమ్మ మాత్రం అర్ర తలుపు దగ్గర కూర్చొని లేవలేదు.

"అవ్వా, లే. పొద్దెక్కుతుంది" అన్నాడు ఆయన.

"మీరు పోండ్రి. నేను ఈడనే ఉంట."

"పిల్లుల కోసం ప్రాణం తీసుకుంటవా?"

"కొత్త జాగల ఇడిస్తె ఇవి నాలుగు దిక్కుల పోతయ్. కండ్లున్నయా వాటికి? కుక్కలు సంపుతయ్. నేను రాను, బిడ్డా. నువ్వు నీ పిల్లను తీసుకొని పో."

ఆయన ముందు ఇంటి వైపు చేయి చూపించాడు. "బాపు గీ ఇంట్లనే పడ్డడు. గా మంచం మీదనే. నాకు యాదికి లేదనుకున్నవా?" అన్నాడు. వెనకటి ప్లేగులో మా మామగారు పోయేనాటికి ఆయన పిల్లవాడు. పొద్దున పాలు పిండిన తండ్రి సాయంత్రానికి కాళ్ళు కొట్టుకుంటూ ఉండటం కళ్ళారా చూశాడు. అందుకే ఎలుక పడ్డ నాటి నుంచి ఆయన ఇంట్లో నీళ్ళు కూడా ముట్టలేదు. ఎద్దుల పగ్గం గట్టిగా పట్టుకొని నిలబడ్డాడు. ఆ తల్లీకొడుకులను చూస్తూ నేను మధ్యలో ఉండిపోయాను. చివరికి బండి కదిలింది. అత్తమ్మ వాకిట్లో నిలబడి మా బిడ్డ వైపు చేయి ఊపి, లోపలికి పోయి గొళ్ళెం పెట్టుకుంది.

గుడిసెలకు సర్కారు వాళ్ళు వచ్చి ప్లేగు సూదులు వేశారు. నా చేయి వాచిపోయి ఒళ్ళు కాలింది. జ్వరం తగ్గినాక, అత్తమ్మకు పాలు, రొట్టెలు ఎవరు తీసుకుపోవాలన్న మాట వచ్చింది. ఆయన తల వంచుకున్నాడు. పాల వాడకాలకు నాంపల్లి దాకా తిరిగే మనిషి, ఆ గల్లీ మాటెత్తితే చాలు చెమట పట్టేది ఆయనకు. "నేను పోత" అన్నాను. ధైర్యం ఉండి కాదు. ఆకలితో ఉన్న ముసలామె కళ్ళ ముందు కదిలితే నా నోట్లోకి ముద్ద పోలేదు. అంతే.

ఆ నడక ఇప్పటికీ నాకు కలలో వస్తుంది. బీడు దాటి ఊళ్ళోకి వస్తుంటే ఇళ్ళన్నీ తాళాలు వేసి ఉండేవి. ప్లేగుతో మనుషులు చనిపోయిన ఇళ్ళ తలుపుల మీద గేరు మట్టితో ఎర్రటి గుర్తులు గీసి ఉండేవి. రోజుకు ఒకటో రెండో కొత్త గుర్తులు కనిపించేవి. ఎవరింట్లోనో మరిచిపోయిన రామచిలుక పంజరంలో నుంచి అరుస్తూ ఉండేది. ఒకనాడు ఆ అరుపు కూడా ఆగిపోయింది. నేను గోడలకు దూరంగా, గల్లీ నడుమ నడిచేదాన్ని. పైన దూలాలున్న చోట తల మీద కొంగు రెండు మడతలు వేసుకునేదాన్ని. నా కాలి కడియాల చప్పుడుకు నాకే భయమేసి, ఒకనాడు వాటిని తీసి కొంగులో కట్టుకున్నాను.

అత్తమ్మ తలుపు సగం తీసేది. గడప మీద తన చెంబు పెట్టి పక్కకు జరిగేది. నా చెంబు దానికి తగలకుండా నేను పాలు ఒంపి, రొట్టెలు పక్కన పెట్టి దూరం జరిగేదాన్ని.

"పిల్ల మంచిగున్నదా?"

"మంచిగున్నది అత్తమ్మా. నిన్ను అడుగుతున్నది."

"వాడు తిట్టిండా?"

"ఏమనలే."

"సరే, పో. ఎండ ఎక్కకముందే దాటు."

ఒకనాడు ఆ మాటల మధ్యలోనే ఆమె కాళ్ళ సందులోంచి మూడుకాళ్ళ పిల్లి బయటికి వచ్చింది. ఆ ఇంట్లో కళ్ళున్నవి రెండు మూడే. వాటిలో ఇది మహా చురుకైనది. ఏదో బోనులో పడి ముందటి కాలు పోయినా, వేటలో దాన్ని మించింది లేదు. దాని నోట్లో ఎలుక ఉంది. కుంటుకుంటూ నేరుగా నా దగ్గరికి వచ్చి, ఎలుకను నా పాదం మీద పెట్టి, ముఖం ఎత్తి చూసింది.

ఎలుక ఇంకా వెచ్చగా ఉంది. నేను కదలలేకపోయాను. కేక కూడా రాలేదు.

"కాలు ఇదిలించు! ఇదిలించవే!" అని అరిచింది అత్తమ్మ. ఆ గొంతుకు నాకు ఒంట్లోకి ప్రాణం వచ్చి కాలు విదిలించాను. ఆమె లోపలికి ఉరికి కిరసనాయిలు బుడ్డి తెచ్చి ఎలుక మీద కుమ్మరించి అగ్గిపుల్ల గీసింది. కర్రతో పిల్లిని వెనక్కి నెట్టి, వేడినీళ్ళు తెచ్చి దూరం నుంచే నా కాళ్ళ మీద పోసింది. కాళ్ళు బొబ్బలెక్కాయి.

"చీర మార్చుకొని, ఇడిసింది కాల్చు. పిల్లను ముట్టకు. ఎన్నాళ్ళో చెప్పలేను. ఒంటి మీద ఏం లేదని నీకు నమ్మకం కుదిరేదాక ముట్టకు."

నేను గుడిసెల దాకా పోయి దూరంగా ఒక బండరాయి దగ్గర ఆగిపోయాను. ఆయన నన్ను చూసి రాబోయాడు. "ఆడనే ఆగున్రి" అని చెప్పి, జరిగింది జరిగినట్టు అరిచి చెప్పాను. ఆయన నేల మీద కూర్చుండిపోయాడు. మా వదిన బిడ్డను ఎత్తుకొని లోపలికి పోయింది. బిడ్డ నన్ను చూసి చేతులు చాపి ఏడుస్తుంటే గుడిసె తడిక వేసేశారు. ఆ సాయంత్రం ఆయన బండరాయి పక్కనే నాకొక చిన్న పాక వేసి, అన్నం అక్కడే పెట్టి పోయాడు.

ఆ పాకలో నాకు వేరే పని ఉండేది కాదు. చంకలో, గజ్జల్లో, మెడ పక్కన వేళ్ళతో తడుముకోవడం. బిళ్ళ కట్టిందా, లేదా. తడుముకున్న చోట నొప్పి పుట్టేది. నొప్పి పుట్టిందని మళ్ళీ తడుముకునేదాన్ని. ఎండకు ఒళ్ళు వేడెక్కితే జ్వరమే అనుకునేదాన్ని. అయినా పొద్దున్నే పాల చెంబు పట్టుకొని ఊళ్ళోకి పోక తప్పదు. అంటవలసింది అంటి ఉంటే, ఇక నేను పోవడమే మేలు కదా. కొత్తవాళ్ళను ఎవరిని పంపిస్తాం?

మూడుకాళ్ళ పిల్లికి దవడ కింద గడ్డ లేచిందని అత్తమ్మ తలుపు సందులోంచి చెప్పింది. వేరే గంప కింద పెట్టానంది. మరునాడు అది చచ్చిపోయిందనీ, కాల్చేశాననీ చెప్పింది. మాట్లాడుతూ తలుపు చెక్కకు ఆనుకొని నిలబడింది. ఎప్పుడూ అట్లా ఆనుకునే మనిషి కాదు.

ఆ తర్వాతి రోజు నేను పోయేసరికి వీధి తలుపు గొళ్ళెం తీసి ఉంది. ఎవరూ కనిపించక కొట్టం దాటి అర్ర దాకా పోయాను. పిలిచాను. లోపలి నుంచి పిల్లుల అరుపులే వినిపించాయి. ఆకలి అరుపులు. అర్ర గడప మీద కాలు పెట్టగానే, "ఆగు" అన్న మాట వినపడింది. అత్తమ్మ గొంతే, కానీ నాలుక మందమైనట్టు ఉంది.

"గడప దాటకు. చంకల బిళ్ళ కట్టింది."

నేను దాటాను. ఎందుకు దాటానో చెప్పలేను. కాళ్ళు నా మాట వినలేదు. ఆమె అర్రలోనే గోడవార గోనెల మీద పడి ఉంది. కళ్ళు ఎర్రగా చింతనిప్పుల్లా ఉన్నాయి. పిల్లులన్నీ ఆమె చుట్టూ చేరి ఉన్నాయి. నా అడుగుల చప్పుడుకు ఆ కళ్ళు లేని ముఖాలన్నీ ఒక్కసారి పైకి లేచాయి. మొదటిసారి తిరిగినట్టే నా వైపు తిరిగాయి, కానీ ఈసారి వెనక్కి తగ్గడానికి చోటు లేదు.

"జమేదారును పిలువు" అంది అత్తమ్మ. "డోలీ తెమ్మను."

డోలీ మాట వింటే గల్లీలో మనుషులు జబ్బుపడ్డవాళ్ళను గడ్డివాముల్లో దాచేవారు. అంటురోగాల దవాఖానాకు పోయినవాళ్ళు తిరిగి రారని అందరి నమ్మకం. ఆమె తానే పిలువమంటున్నది.

"మరి ఇవి?" అన్నాను.

ఆమె నన్ను చూసింది. వాటిని చూసుకొమ్మని అడగలేదు. ముఖం గోడ వైపు తిప్పుకుంది.

ఇళ్ళు, గల్లీలు శుభ్రం చేయించే సర్కారు సఫాయి జమేదారు గల్లీల్లోనే తిరుగుతుండేవాడు. మనుషులను తీసుకొని వచ్చాడు. ముఖాలకు గుడ్డలు కట్టుకున్న వాళ్ళు ఆమెను డోలీలో పడుకోబెట్టి మోసుకుపోయారు. డోలీ గుడ్డలోంచి ఆమె చేయి ఒకటి బయటికి వేలాడుతుండటం గల్లీ మలుపు దాకా కనిపించింది. జమేదారు వెనక్కి వచ్చి ఇల్లంతా చూశాడు.

"అమ్మా, గీ ఇల్లు ఇప్పుడే సాఫ్ చెయ్యాలె. పెంకులు తీపిస్తం, ఎండ లోపలికి పడాలె. నేలంత ఫినాయిల్ కొడతరు. గీ పిల్లులు ఉండొద్దు."

"ఉండొద్దంటె?"

"హుకుం గట్లున్నది. బీమార్ మనిషి కాడ ఉన్న జానవర్‌ను ఇడువొద్దు." నా ముఖం చూసి ఆయన గొంతు తగ్గించాడు. "నా మనుషులు ముందటి ఇంటి నుంచి షురూ చేస్తరు. ఈడికి అచ్చేదాక జెర టైం పడ్తది. గప్పటికి అర్ర ఖాళీగుంటె నేను చూడలే అంట. గంతే నా చేతుల ఉన్నది."

ముందు ఇంటి పెంకులు తీసి పడేస్తున్న చప్పుడు మొదలైంది. ఫినాయిలు వాసన వాకిట్లోకి వచ్చింది. పిల్లులు ఆ వాసనకు తుమ్ముతూ, గోడలకు ముఖాలు కొట్టుకుంటూ అర్రంతా తిరగసాగాయి. ఫినాయిలు తొక్కి పంజా నాకితే పిల్లి బతకదని అత్తమ్మ ఎప్పుడో చెప్పింది. కొట్టంలో గడ్డి గంపలు కనిపించాయి. వాటిని తెచ్చి అర్రలో పెట్టాను.

ఇక ముట్టుకోవాలి. నా జన్మలో నేను పిల్లిని ముట్టుకోలేదు. చేతులకు పాత చీర పేలికలు చుట్టుకొని, గొంతు పెగుల్చుకొని, "వస్తున్ననే, నేనే" అన్నాను. అత్తమ్మ మాట అది. నా గొంతులో అది వింతగా వినిపించి ఉంటుంది. అయినా తిరుగుతున్నవి ఆగాయి. వణికే పిల్లిని ముందు ఎత్తాను. దాని తల నా చేతిలో టకటకా కొట్టుకుంటూ ఉంటే నా గుండె కూడా అట్లాగే కొట్టుకుంది. నడుము విరిగిన దాన్ని గోనెతో సహా ఎత్తాను. బీబీ గారి పిల్లి తానే గంప అంచు వాసన చూసి ఎక్కింది. గంప మీద గంప బోర్లించి తాడు కట్టాను.

గల్లీ మలుపు దాకా మోసుకుపోయేసరికి అక్కడ బండి ఉంది. ఎద్దుల పక్కన నా పెనిమిటి నిలబడి ఉన్నాడు. డోలీ పోవడం ఎవరో చూసి చెప్పారట. మలుపు దాటి ఆయన ఒక్క అడుగు కూడా వేయలేకపోతున్నాడు.

"అవ్వ?"

"తీసుకపోయిన్రు. ప్రాణమైతె ఉన్నది."

ఆయన గంప వైపు చూశాడు. తిడతాడనుకున్నాను. చేతులు చాపి గంప అందుకొని బండిలో పెట్టాడు. "ఇంక ఎన్ని ఉన్నయ్?" అన్నాడు.

మిగతావాటి కోసం ఇంకో రెండుసార్లు తిరిగాను. ఆఖరున తెల్ల గండుపిల్లి మిగిలింది. అన్నిటిలోకి ముసలిది, పుట్టుగుడ్డి. పెంకుల చప్పుడుకు బెదిరి అది అటుక మీదికి ఎక్కేసింది. జమేదారు మనుషులు అప్పటికే కొట్టంలోకి వచ్చారు. ఫినాయిలు నీళ్ళు గడప కింద నుంచి అర్రలోకి పారుతున్నాయి. నేను గోడ గూటిలో కాలు పెట్టి అటుక పట్టుకొని పైకి ఎక్కాను. చీకటి. ఎలుక కంపు. చచ్చిన ఎలుకలు ఎక్కడున్నాయో, ఎన్ని ఉన్నాయో తెలియదు. ఆ చీకట్లోకి చేయి పెట్టడం కంటే భయమైన పని నా బతుకులో ఇంకోటి చేయలేదు. మాటలు రాక, బర్రె దూడను పిలిచినట్టు నాలుకతో చప్పుడు చేశాను. మూల నుంచి బుస్సుమంది. మెడ తోలు దొరకబట్టుకొని లాగాను. అది మోచేతి దాకా నా చేయి చీరేసింది. వదలలేదు. దాన్ని కొంగులో మూట కట్టుకొని, రక్తం కారుతుండగా జమేదారు పక్క నుంచి బయటికి నడిచాను. ఆయన అటు తిరిగి బీడీ ముట్టించుకుంటున్నాడు.

గుడిసెల దగ్గర లొల్లి అయింది. కర్రలు పట్టుకొని జనం అడ్డం వచ్చారు. మా కులపెద్ద ముందర నిలబడి, "ప్లేగు ఇంటి పిల్లులను మా పోరగాండ్ల నడుమకు తెస్తవా? ఈడనే సంపి బొంద పెట్టు" అన్నాడు. వాళ్ళను తప్పు పట్టలేను. వాళ్ళ స్థానంలో ఉంటే నేనూ అదే అనేదాన్ని.

నా పెనిమిటి ఎద్దుల ముందరికి పోయి నిలబడ్డాడు. "అవి మీ దిక్కు రావు. గా బండ అవతల ఉంటయ్, నా పెండ్లాం కూడ ఆడనే ఉంటది. ఎవలికన్న ఏమన్న అయితె, అప్పుడు నన్నే సంపున్రి" అన్నాడు.

బండ అవతల రాళ్ళు పేర్చి, ముళ్ళకంప అడ్డం వేసి దొడ్డి కట్టుకున్నాం. ఆ ముళ్ళ మధ్య పిల్లులతో నేను ఒక్కదాన్నే ఉన్నాను. నీళ్ళ గురిగి ఎడమ పక్కన, పాలు కుడి పక్కన. నడుము విరిగిన దాని పొట్ట నొక్కడం నాకు రాలేదు. అది బాధతో అరిచేది, నేను ఏడ్చేదాన్ని. ఎట్లాగో వేళ్ళకు చోటు తెలిసింది. చేతి గీరులు వాచి ఎర్రబడితే ఇక అయిపోయిందనుకున్నాను. చంకలో బిళ్ళ లాంటిది తగిలింది కూడా. ఆ రోజు బిడ్డను దూరం నుంచి ఎత్తి చూపించమన్నాను. మా వదిన ఎత్తి పట్టుకుంది. బిడ్డ నన్ను మరిచిపోయినట్టుంది, ముళ్ళకంప వైపు చూసి "మ్యావ్" అంది. వదిన నవ్వబోయి ఏడ్చింది.

అది గీరుల వల్ల వచ్చిన బిళ్ళే. చీము పోయాక తగ్గిపోయింది. పిల్లుల్లో ఒక్కదానికీ జబ్బు రాలేదు. ఊళ్ళో కళ్ళున్న పిల్లులన్నీ ఎలుకలు తిని చచ్చాయని జమేదారు తర్వాత చెప్పాడు. ఇవి ఎలుకను పట్టలేవు కాబట్టి మిగిలాయి. అత్తమ్మ కబురు మాత్రం ఎవరికీ తెలియదు. దవాఖానా గేటు దాకా ఆయన పోయి వచ్చేవాడు. ఉంది అనేవారొకరు, ఎవరో తెలియదు అనేవారొకరు. ప్రతిరోజూ ఆయన తిరిగి వచ్చే నడకను బట్టి చావు కబురేనేమోనని నేను ముందే వణికేదాన్ని.

చలి విరిగినాక ఒక మధ్యాహ్నం ఆయన బండిలో ఆమెను తీసుకువచ్చాడు. జుట్టు కత్తిరించేశారు. చంకలో గడ్డ పగిలి, మానని పుండు కట్టు కింద ఉంది. పిల్లలా చిక్కిపోయింది. బండి దిగి గుడిసెల వైపు చూసి, అడుగు వేయకుండా నిలబడిపోయింది. ఆమె కాళ్ళు వణకడం చూసి నీరసం అనుకున్నాను. పట్టుకొని బండ అవతలికి తీసుకువచ్చాను. పిల్లులను ఒక్కొక్కదాన్ని తడిమి చూసుకొని, నా చేతి మీది మచ్చలు చూసి, అప్పుడు మాట్లాడింది.

"నేను పిల్లుల కోసమే ఆడ ఉన్ననని అనుకుంటున్నరు గద అందరు?"

"కాదా అత్తమ్మా?"

"అవి కూడ. గని మీ మామను పడ్డంక గీ బీట్లకే తెచ్చిన. గదిగో, గా గుట్ట కింద గుడిసె. పోరగాన్ని దూరం పంపి, నేనొక్కదాన్నే ఉన్న. మీ మామ నా ఒళ్ళనే పోయిండు. నీ పెనిమిటికి ఇల్లంటె భయం. నాకు ఈ బీడంటె భయం, బిడ్డా. ఈ గుడిసెలల్లకు రమ్మంటె నా కాళ్ళు రాలే. అర్రల కూడ భయమే అయింది. రోజు భయమే. పిల్లుల నడుమ పండుకుంటె జెర వెచ్చగుండేది."

నా పెనిమిటి కొంచెం దూరంలో ఎద్దులకు గడ్డి వేస్తూ విన్నాడు. గడ్డి చేతిలోనే ఉండిపోయింది. తండ్రి చివరి ఘడియలు ఎక్కడ గడిచాయో ఆయనకు అన్నాళ్ళూ తెలియదు. మంచం మీద కాళ్ళు కొట్టుకోవడం చూసి, అక్కడే పోయాడనుకున్నాడు. ఆ సాయంత్రం ఇద్దరూ గుట్ట కిందికి పోయి కాసేపు నిలబడి వచ్చారు. ఏం మాట్లాడుకున్నారో నాకు చెప్పలేదు, నేను అడగలేదు.

గల్లీకి తిరిగి పోయాక ఇంటి మీద కొత్త పెంకులు వేయించాం. అర్ర నేల తవ్వి మట్టి మార్చారు, గోడలకు సున్నం కొట్టారు. పాత వాసన ఏదీ మిగలలేదు. పిల్లులను దింపితే ఒక్కటీ గడప దాటలేదు. అత్తమ్మ చేయి పైకి లేవదు కాబట్టి గోనె నేనే పరిచాను. ఒక్కొక్కదాన్ని గోడ వెంబడి నడిపించి మూలలన్నీ చూపించాల్సి వచ్చింది. చాలా రోజులు పట్టింది. ఇప్పటికీ పిల్లి మీద చేయి వేసే ముందు నాకు ఒళ్ళు జలదరిస్తుంది. వేసినాక పోతుంది.